మా కారుకు దొరకని జబ్బు

మా అమ్మాయికి మహదేవపూర్ మండలంలో ఒక ఊరి హైస్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం. మరునాడే తలనొప్పి మొదలైంది. మేముండేది జనగామలో. అమ్మాయి భూపాలపల్లిలో గది తీసుకుంది. అక్కణ్ణుంచి బడికి యాభై కిలోమీటర్ల పైమాటే. ఉన్న ఒకటి రెండు బస్సులు బడి వేళకు అందవు. బడి ఉన్న ఊళ్లో ఒంటరి ఆడపిల్లకు అద్దెకు గది ఇచ్చేవాళ్లు లేరు. కారుంటే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే వదులుకోవాలి. మూడేళ్లు తలుపులు వేసుకుని చదివి తెచ్చుకున్న ఉద్యోగం అది. కారేమో మా ఇంటి ముందే నిలబడి ఉంది. తాళం చేతిలో పెట్టడానికి నాకున్న అడ్డం ఒక్కటే. ఆ కారంటే నాకు నమ్మకం లేదు.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. దేన్నైనా తూచి చూడనిదే నాకు తృప్తి ఉండదు. మా ఆవిడ బీరకాయలు తెచ్చినా, అందులో ముదురువి ఏరి పక్కన పెట్టాకే మిగతావి బాగున్నాయంటాను. "గీ తూకం మనిషితోని ఇన్నేండ్లు ఎట్ల ఏగిన్నో దేవునికే ఎరుక" అని ఆమె డోర్నకల్‌లో ఉన్న వాళ్ల అక్కకు ఫోన్ చేసి చెప్తుంటుంది. కారు విషయంలోనూ అదే పని చేశాను. ఒక రూళ్ల నోటుబుక్కు తీసి, పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమ పక్క మంచి, కుడి పక్క చెడ్డ రాశాను.

ఎడమ పక్క తొందరగానే నిండింది. మాది చిన్న డీజిల్ సెడాన్. వెనక డిక్కీని ఎవరో కత్తిరించి అతికించినట్టు పొట్టిగా ఉంటుంది. చూడ్డానికి అందం తక్కువే. కానీ ఆ పొట్టి డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, ఒక సూట్‌కేసు, మా ఆవిడ పచ్చడి జాడీలు అన్నీ పడతాయి. జనగామ సందుల్లో ఎదురుగా ఎడ్లబండి వచ్చినా ఏదోవిధంగా దూరిపోతుంది. మే నెలలో మహబూబాబాద్ పోతుంటే, ఏసీ వేసిన ఐదు నిమిషాల్లో వెనక సీట్లో మా ఆవిడ కొంగు కప్పుకుంటుంది. క్లచ్చు మెత్తన. గేరు వేలితో తోస్తే పడుతుంది. ఎంత చలిలోనైనా ఒక్కసారికే స్టార్టవుతుంది. ఈ చివరి గుణం మా ఇంట్లో మనుషులెవరికీ లేదు.

కుడి పక్క కూడా ఖాళీగా లేదు. వెనక ఎడమ తలుపు అద్దం రెండుసార్లు కిందికి పోయి పైకి రానంది, రెండుసార్లూ మోటారు మార్పించాను. గుంతలో దిగితే ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు. ఊరి దారుల్లో స్పీడ్ బ్రేకరు ఎక్కితే కడుపు రాసుకుంటుంది. సీట్లు నేలకు దగ్గర, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగాలంటే ఇంకొకరు చెయ్యి ఇవ్వాలి. డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో ఒక స్క్రూ వదులై, వర్షాకాలంలో మూలుగుతుంటుంది. ఇవన్నీ నేను క్షమించగల తప్పులు. ఇలాంటివి నాలోనూ ఉన్నాయి.

ఎడమ పక్క ఆఖరున గొప్పగా రాసుకున్నది మైలేజీ. ఇరుగుపొరుగు వాళ్ల అలాంటి కార్ల కంటే మాది లీటరుకు ఎక్కువే ఇస్తుందని నా నమ్మకం. అందులో సగం ఘనత కారుది, సగం నాది. మా నాయిన మహబూబాబాద్ దగ్గర మా ఊళ్లో ఒక ఆసామి దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. నాకు నడపడం నేర్పింది ఆయనే. రోడ్డు పల్లానికి వాలి దిగుడు రాగానే గేరు న్యూట్రల్ చేసి ఇంజను ఆపేసేవాడు. "దిగుడుల బండి ఉత్తగనే పోతది. ఉత్తగ పోయేదానికి డీజిల్ ఎందుకు తాపాలె?" అనేవాడు. మా వైపు ట్రాక్టరు నడిపేవాళ్లు చాలామంది అంతే. నేనూ ఆ పద్ధతి వదల్లేదు. దిగుడు కనబడితే న్యూట్రల్, తాళం ఒక మెట్టు వెనక్కి, కింద మళ్లీ స్టార్టు. అమ్మాయి డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని వచ్చాక, స్కూలువాళ్లు నేర్పనిది ఇది అని ఈ పద్ధతి నేనే నేర్పాను.

ఇక అసలు జబ్బు. కుడి పక్క దాన్ని ఎర్ర సిరాతో రాశాను. ఈ కారుకు ఉన్నట్టుండి బ్రేకు గట్టిపడుతుంది. ఒకసారి రెండుసార్లు మామూలుగా దిగుతుంది, మూడోసారి కాలు పెడితే పెడలు రాయిలా నిలబడుతుంది. స్టీరింగు కూడా అప్పుడే బరువెక్కుతుంది. కాసేపటికి రెండూ వాటంతటవే బాగవుతాయి. రోజూ రాదు. ఊళ్లో తిరిగితే రాదు. జనగామ రైలు వంతెన మీంచి దిగేటప్పుడు వచ్చింది, మహబూబాబాద్ పోయే దారిలో వచ్చింది, రేగొండ దాటాక వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చొక్కా చెమటతో తడిసిపోయేది.

చూపించని మెకానిక్కు లేడు. మహబూబాబాద్‌లో ఒకాయన బ్రేకు ప్లేట్లు విప్పి, తోమి, మళ్లీ బిగించి, ఊరు చుట్టూ తానే నడిపి చూసి "సక్కగున్నది సార్" అన్నాడు. కంపెనీ సర్వీసింగులో కంప్యూటరు పెట్టి చూసి అలాంటి తప్పేదీ చూపడం లేదన్నారు. జనగామ మెకానిక్కు మూడుసార్లు నడిపి చూశాడు. అతనొకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివి, నా సబ్జెక్టులోనే తప్పినవాడు. అందువల్ల అతని మాట మీద నాకు పెద్ద గురి లేదు. పక్కింటాయన మాత్రం జబ్బు తనకు తెలుసన్నాడు. "కొన్ననాడు పాస్టరు గారితోని ప్రార్థన చేపిచ్చిండ్లు, మంచిదే. నిమ్మకాయలు తొక్కిచ్చిండ్లా? తొక్కియ్యలే. గదే సంగతి" అన్నాడు. నేను నవ్వాను. రెండు రోజుల తర్వాత కూరగాయల మార్కెట్లో నిమ్మకాయల బుట్ట ముందు ఆగినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

చివరికి అమ్మాయి ఒక మధ్యేమార్గం చెప్పింది. "పదిహేను రోజులు నడిపి చూస్త బాపూ. బ్రేకు ఒక్కసారి గట్టిపడ్డా తెచ్చి నీకే ఇస్త." మా ఆవిడ ఆమె పక్షమే. నేను ఒప్పుకున్నాను. ఆ పదిహేను రోజులూ సాయంత్రం కాగానే ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి. "గట్టిపడ్డదా?" "లే బాపూ." "స్టీరింగు?" "మంచిగనే తిరుగుతాంది." "ఎదురుంగ ఏమన్న వచ్చినప్పుడు?" "ఆగుతాంది బాపూ, కాలు పెట్టక ముందుకే ఆగుతాంది."

ఆమె నవ్వుతూ చెప్పేకొద్దీ నాకు అనుమానం పెరిగింది. నా చేతిలో వారానికి ఒకసారైనా మొరాయించే కారు ఆమె చేతిలో రోజుకు వంద కిలోమీటర్లు తిరిగి ఒక్కసారీ మొరాయించకపోవడం ఏమిటి? ఉద్యోగం పోతుందని దాచిపెడుతోంది అనుకున్నాను. నా బిడ్డ నాకు అబద్ధం చెప్తోందన్న మాట మింగుడుపడలేదు. పదిహేనో రోజు సాయంత్రం ఫోను పెట్టేసి బస్సెక్కి భూపాలపల్లి పోయాను. పదహారో రోజు పొద్దున "ఇయ్యాల నేను పక్కన కూసుంట. నువ్వు నడుపు" అన్నాను. ఆమె మొహంలో ఏదో కదిలింది. దొరికిపోయానన్న భయమే అనుకున్నాను.

ఊరు దాటాక చాలాసేపు బాగానే నడిచింది. అడవి మొదలైంది. ఎదురుగా ఇసుక లారీలు ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటూ వస్తున్నాయి. అమ్మాయి ఎంత నేర్పుగా నడుపుతోందో చూసి లోపల్లోపల మురిశాను. ఒకచోట మంచి దిగుడు వచ్చింది. ఆమె గేరు మార్చకుండా అలాగే పోతోంది. "దిగుడు వచ్చింది, యాది లేదా?" అన్నాను. నా కుడిచెయ్యి గేరు రాడ్డు మీదికి పోయి న్యూట్రల్ చేసింది. "బంద్ చెయ్యి" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి, తాళం వెనక్కి తిప్పింది. కారు చప్పుడు లేకుండా జారసాగింది. రెండుసార్లు బ్రేకు తొక్కి వేగం తగ్గించింది.

మలుపు తిరిగాక రోడ్డు మీద హెచ్చరికగా పచ్చి కొమ్మలు పరిచి ఉన్నాయి. వాటి వెనకాలే టైరు పేలి నిలబడిపోయిన ఇసుక లారీ. అమ్మాయి బ్రేకు తొక్కింది. పెడలు దిగలేదు. "బాపూ, దిగుతలేదు!" అని అరిచింది. లారీ వెనక తలుపు మీద రాసిన అక్షరాలు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి. అంత దగ్గరికి వెళ్లాం. ఆమె రెండు చేతులతో, సీట్లోంచి సగం లేచి స్టీరింగును తిప్పింది. హ్యాండ్‌బ్రేకు ఎత్తింది. కారు రోడ్డు దిగి, ఎర్రమట్టిలో కోసుకుపోయి, టేకు చెట్టుకు జానెడు దూరంలో ఆగింది.

లారీ కింద పడుకుని పనిచేస్తున్న డ్రైవరు లేచి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందక్కా? దెబ్బ తాకిందా?" అని అడుగుతుంటే అమ్మాయి తల అడ్డంగా ఊపింది. స్టీరింగు మీంచి ఆమె వేళ్లు ఊడి రావడానికి చాలాసేపు పట్టింది.

అతను వెనక్కి పోయాక నేను ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "చూసినవా? పదిహేను రోజులు నాకు అబద్ధం చెప్పినవు. ఉద్యోగం కోసం పానం తీసుకుంటవా?" అన్నాను. "అబద్ధం గాదు బాపూ. నా తోడు, ఒక్కసారి గూడ కాలే" అంటూ ఏడ్చింది. నేను నమ్మలేదు. స్టార్ట్ చేస్తే బ్రేకు ఎప్పటిలాగే బాగైంది, మెల్లగా గదికి తిరిగొచ్చి, ఆ పూటే కారు నేను తీసుకుని జనగామ బయల్దేరాను. పోతూ పోతూ "ఉద్యోగం పోతే పోనీ, మనిషి ఉంటే చాలు" అని గది గడపలో నిలబెట్టి చెప్పాను. ఆమె బడికి సెలవు పెట్టి ఆ గదిలో ఒక్కతే కూర్చుంది.

రెండో రోజు జనగామ మెకానిక్కు దగ్గరికి పోయి అతని మీద విరుచుకుపడ్డాను. నీ చేతగానితనం వల్ల నా బిడ్డ చావు దాకా పోయి వచ్చిందన్నాను. అతను చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. "సార్, ఎన్నిసార్లు చూసినా నేనే నడిపిన. గిప్పుడు మీరు నడుపుండ్లి. రోజు ఎట్ల నడుపుతరో గట్లనే. నేను పక్కన కూసుంట" అన్నాడు.

రైలు వంతెన ఎక్కాం. పైకి పోయాక దిగుడు మొదలైంది. నేను మామూలుగానే న్యూట్రల్ చేసి తాళం వెనక్కి తిప్పాను.

"సార్! సార్! ఏం జేస్తాండ్లు?" అని అతను సీట్లోంచి ఎగిరిపడ్డాడు. "బండి ఎందుకు బంద్ జేసిండ్లు?"

"దిగుడు కదా" అన్నాను.

అతను నా మొహం చూసిన చూపు నేను మరిచిపోలేను. వంతెన కింద పక్కకు ఆపించాడు. ఇంజను ఆపి ఉండగానే బ్రేకు మూడుసార్లు తొక్కమన్నాడు. మూడోసారికి పెడలు రాయయింది. ఇప్పుడు కాలు అట్లనే పెట్టి స్టార్ట్ చేయమన్నాడు. ఇంజను అందుకోగానే నా కాలి కింద పెడలు మెత్తగా దిగింది. అతను తన టీచరుకు పాఠం చెప్తున్నానన్న మొహమాటంతో మెల్లగా చెప్పాడు. "ఇంజను తిరుగుతెనే బ్రేకుకు బలం సార్. అది లోపల గాలి గుంజి శూన్యం చేస్తది, గా శూన్యమే మీ కాలుకు సాయం. బంద్ చేస్తె ఒకటి రెండు తొక్కుళ్లకు మిగిలి ఉంటది, ఆ తర్వాత ఉండది. స్టీరింగు గూడ గంతే. ట్రాక్టరు వేరు సార్, గిది వేరు." కాసేపు ఆగి ఇంకో మాట అన్నాడు. "డీజిల్ గూడ మిగలది. గేరుల ఉండి కాలు తీస్తె, దిగుడుల ఇంజను డీజిలే తాగది."

తల కొట్టేసినట్టయింది. గాలి ఒత్తిడి, శూన్యం అని నల్లబల్ల మీద ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. సిరంజి ముందు వేలు అడ్డం పెట్టి లాగించి, పిల్లలు ఆశ్చర్యపోతుంటే గర్వంగా నిలబడేవాణ్ణి. ఆ శూన్యం నా కాలి కిందే ఇన్నేళ్లుగా ఉంటే, తాళం తిప్పి తిప్పి నేనే దాన్ని పోగొడుతూ వచ్చాను. ఆ వెంటనే ఒక్కో మొహం కళ్ల ముందుకొచ్చింది. క్రిస్మస్‌కు డోర్నకల్ పోయేటప్పుడు వెనక సీట్లో మా అత్తగారు, ఆమె ఒళ్లో నిద్రపోయే చంటి మునిమనవరాలు. మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయిన మా ఆవిడ. వాళ్లందరినీ ఎక్కించుకుని, బ్రేకులు పోగొట్టుకుని, దిగుళ్ల మీంచి వదిలేశాను. పైగా ఎంత మైలేజీ ఇచ్చిందో ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకున్నాను. మెకానిక్కు "నీళ్లు తాగుతరా సార్?" అని అడిగాడు.

ఇంటికొచ్చి అమ్మాయికి ఫోన్ చేశాను. ఒకటే అడిగాను. "బిడ్డా, ఒక్కదానివి పోయేటప్పుడు దిగుడుల బంద్ చేస్తవా?"

"కోప్పడవుగా?" అంది. "చెయ్య బాపూ. ఎన్నడు చెయ్యలే. అట్ల జారుతాంటే నాకు భయమైతది. నువ్వు నేర్పింది చేస్తలేనని తెలిస్తే బాధపడుతవని చెప్పలే. నువ్వు పక్కన ఉంటెనే చేస్త."

ఆమె అబద్ధం చెప్పలేదు. కారు కూడా చెప్పలేదు. పదిహేను రోజులు ఆ అడవి దారిలో, ఆ లారీల మధ్య, నా బిడ్డ నిక్షేపంగా పోయి వచ్చింది. నేను పక్కన కూర్చున్న ఒక్క రోజే చావు దాకా పోయింది. మెకానిక్కు చెప్పింది ఆమెకు పూసగుచ్చినట్టు చెప్పి, క్షమించమన్నాను. బిడ్డను క్షమాపణ అడగడం మా ఇళ్లల్లో అలవాటు లేదు. ఆమె "అన్నం తిన్నవా?" అని అడిగింది.

ఆదివారం కారు తీసుకుని భూపాలపల్లి పోయాను. దారంతా ఇంజను ఆపలేదు. తాళం ఆమె చేతిలో పెట్టి, "టకటక చప్పుడు ఉంటది, ఎడమ అద్దం దించకు, స్పీడ్ బ్రేకరు మెల్లగ ఎక్కియ్యి. మిగతా అంతా మంచి బండి" అన్నాను. సోమవారం పొద్దున ఆమె బడికి బయల్దేరుతూ "నువ్వు గూడ రా బాపూ, మా బడి చూద్దువు" అంది. ముందు సీట్లో ఎక్కాను. మాట్లాడుకుంటూ పోతున్నాం. పిల్లల సంగతులు చెప్తోంది. అడవి వచ్చింది. అదే దిగుడు వచ్చింది. నేను ఆమె మాటలే వింటున్నాను. ఉన్నట్టుండి ఆమె మాట ఆగిపోయింది.

కిందికి చూసుకున్నాను. నా కుడిచెయ్యి గేరు రాడ్డు మీద ఉంది. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. దాని మీద ఆమె ఎడమచెయ్యి గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. లారీ ముందు కూడా నాకంత భయం కలగలేదు.

"బండి ఆపు బిడ్డా" అన్నాను.

ఆమె మెల్లగా బ్రేకు తొక్కి, రోడ్డు పక్కన ఆపింది. "ఏమైంది బాపూ?"

"నా చెయ్యి నా మాట వింటలేదు" అన్నాను. దిగి, వెనక తలుపు తీసుకుని, వెనక సీట్లో కూర్చున్నాను.